రెండో కార్డు గీసిన మనిషి

ఒకే కంప్యూటరులో, తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డులు రెండు పెట్టి జోడెద్దుల్లా లాగించాలనుకునే పిల్లలకు ముందుగా ఒక మాట. కార్డులు తరవాత కొనండి. ముందు మదర్‌బోర్డును చూడండి. కార్డు దిగే పొడవాటి స్లాట్లు రెండు కనిపించగానే సంబరపడకండి. రెండో స్లాటులోకి టార్చి వేయండి. లోపల బంగారు రంగు పళ్ళు చివరిదాకా ఉన్నాయా, పావు వంతుకే ఆగిపోయి మిగిలినదంతా ఉత్త ప్లాస్టిక్కేనా, అది చూడండి. ఆ బోర్డు మీది చిప్పు ఏ రకం కార్డులను జోడీగా ఒప్పుకుంటుందో అడగండి. ఒప్పుకోని బోర్డును ఏదో సాఫ్ట్‌వేరు ఎక్కించి ఒప్పించేవాళ్ళు బజారులో దొరుకుతారు. వాళ్ళ జోలికి పోకండి.

ఇంత చాదస్తం ఎందుకమ్మా అంటారు. ఒక మనిషి బతుకుతెరువు ఆ స్లాటులో ఇరుక్కోవడం నేను చూశాను. అందుకు.

నేను పీణ్య పారిశ్రామికవాడలో పనిచేశాను. తొంభైలలో టెలిఫోను బోర్డులకు టంకం పెట్టే ఫ్యాక్టరీలో, పొగ పీలుస్తూ వరసగా కూర్చునే ఆడవాళ్ళలో ఒకదాన్ని. అది మూతపడ్డాక పక్క వీధిలోని ఒక షెడ్డులో కంప్యూటర్లు బిగించే పనికి కుదిరాను. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. అందుకని బోర్డుతో వచ్చే పుస్తకం కంటే బోర్డునే ముందు చూడడం అలవాటయింది. ఇది గొప్పకు చెప్పడం లేదు. పుస్తకం చదివినవాళ్ళు, బోర్డు చూసినదాన్ని నేను, అందరం కలిసే బోల్తా పడ్డాం.

ఆ షెడ్డులో చేసే సరుకు వింతైనది. తుక్కుకు పోయిన బస్సుల ముందు భాగం కోయించి తెచ్చేవాళ్ళు. సీటు, స్టీరింగు, గేరు, పెడళ్ళు అన్నీ అసలువే. వాటన్నిటికీ వైర్లు తగిలించి కంప్యూటరుకు కలిపేవాళ్ళం. ఎదురుగా గోడంత తెర. దానిమీద రోడ్డు, సిగ్నళ్ళు, ఆవులు, ఆటోలు, దాటే మనుషులు. డ్రైవరు కూర్చుని తిప్పితే తెరమీది ఊరంతా తిరుగుతుంది. రవాణా కంపెనీలు తమ డ్రైవర్లను శిక్షణకూ పరీక్షకూ మా దగ్గరకు పంపేవి. బస్సు వెనక అద్దాలు కూడా తెరమీది బొమ్మలే. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, వాటిలో వెనక జరిగేదంతా కనిపిస్తూ ఉంటుంది.

షెడ్డులో ముఖ్యంగా నలుగురం. యజమాని కన్నడాయన, మాతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు పట్టినవాడు. ప్రోగ్రాం రాసే అమ్మాయి ఒంగోలు వైపు నుంచి వచ్చింది. సామాను కొనుక్కొచ్చే ఆయన బేరంలో పులి. నాలుగోదాన్ని నేను.

తెరమీద బొమ్మ తడబడుతోందని, నున్నగా నడవాలంటే రెండు కార్డులు కావాలని యజమాని పట్టుబట్టాడు. అప్పుడప్పుడే ఆ జోడీ కార్డుల మోజు మొదలైన కాలం. బేరం పులి ఒక బోర్డు తెచ్చాడు. పొడవాటి స్లాట్లు రెండూ ఉన్నాయి. నేను టార్చి వేసి చూసి, రెండోదానికి పళ్ళు తక్కువగా ఉన్నాయని చెప్పాను.

"పళ్ళు తక్కువైతే ఏమమ్మా, ముసలోళ్ళు అన్నం తినరా?" అన్నాడు బేరం పులి. "అమ్మినోడే సాఫ్ట్‌వేరు ఎక్కించి నడిపించి చూపించినాడు."

నడిచింది కూడా. సెకనుకు ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చూపే అంకె తెర మూలన జోరుగా పెరిగింది. యజమాని చప్పట్లు కొట్టాడు. ఆయుధపూజకు కంప్యూటరుకు కుంకుమ పెట్టి, సగం బస్సు ముందు బూడిద గుమ్మడికాయ కొట్టాం. అందరం తలా ఒకసారి సీట్లో కూర్చుని రోడ్డు మీద తిప్పాం. బాగుందంటే బాగుందనుకున్నాం.

కొందరు డ్రైవర్లు దానిమీద పరీక్ష నెగ్గి వెళ్ళాక వచ్చాడు ఆ డ్రైవరు.

ముళబాగిలు వైపు మనిషి, యాభైకి దగ్గరగా ఉంటాడు. బొమ్మనహళ్ళి బట్టల ఫ్యాక్టరీలకు ఆడపిల్లలను తీసుకెళ్ళే బస్సు తోలేవాడు. కె.ఆర్.పురం దగ్గర వాళ్ళ కంపెనీకి డిపో ఉంది. అక్కడ బస్సు వెనక్కి తీస్తుండగా ఆయన క్లీనరే చక్రం కింద పడి చనిపోయాడు. విచారణలో డ్రైవరు తప్పు లేదని తేలింది. అయినా, మా పరీక్షలో నెగ్గి వస్తేనే స్టీరింగు చేతికిస్తామని కంపెనీ మెలిక పెట్టింది. నెగ్గకపోతే ఇంటికే. ఆయనను వెంటబెట్టుకు వచ్చిన సూపర్‌వైజరు ఇదంతా ఆయన ముందే చెప్పాడు. ఆయన మాత్రం తన సంగతి కాదన్నట్టు బస్సు గేరు పిడిని తుడుస్తూ నిలబడ్డాడు.

ముందుకు తోలడంలో ఆయనకు సాటి లేరు. తెరమీది ఊళ్ళో మేము కావాలని అడ్డం పంపే ఆవులు, కుక్కలు ఆయనకు చుట్టాల్లా తప్పుకున్నాయి. చివరికి తెరమీది డిపో గేటు దాటి లోపలికి వచ్చి, బస్సును వెనక్కి తీసి గోడవారగా పెట్టాలి. అంతే పరీక్ష.

ఆయన రివర్సు గేరు వేశాడు. అద్దంలోకి చూశాడు. బ్రేకు తొక్కాడు.

"వాన్ని పక్కకు పొమ్మనండప్పా," అన్నాడు.

"ఎవర్ని?" అన్నాడు యజమాని. పరీక్ష పెట్టేవాళ్ళకు తెర కనబడని పక్కన, బల్లమీద వేరే కంప్యూటరు ఉంది. దానిలో డిపో అంతా పైనుంచి చూసినట్టు పటంలా కనిపిస్తుంది. మనుషులు చుక్కలు. బస్సు వెనక ఒక్క చుక్క కూడా లేదు.

"ఎనక నిలబడుకోని ఉండాడు కదా. మీకు కనపడల్యా?"

"అక్కడ యారూ లేరప్పా. సుమ్నే, ఊరికే తీయి."

"మనిషి ఉండంగ ఎట్ల తీసేది? నేను తీయను."

ఎంత చెప్పినా తీయలేదు. ఆయన భుజం మీదుగా తొంగి చూద్దామని సూపర్‌వైజరు లేచేసరికి గడువు అయిపోయి తెర మూసుకుంది. మొదటి పరీక్ష పోయింది.

మరో రోజు మళ్ళీ పిలిచారు. మళ్ళీ అంతే. గేటు దాకా వెన్నలా వచ్చాడు, రివర్సు వేసి ఆగిపోయాడు. ఈసారి బేరం పులి బల్ల దగ్గరనుంచే, నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"ఎట్లున్నాడన్నా మనిషి? మనవాడేనా?"

"నీలం చొక్కా ఏసుకోని ఉండాడు. నిలబడినోడు నిలబడినట్టే వణుకుతాండాడు. ఒక కాలు ఎత్తి పెట్టుకోనుండాడు, అడుగు ఎయ్యబోయేటోని మాదిరి. ఎయ్యడు. దించడు."

నవ్వినవాడు నవ్వు మింగేశాడు. ఎందుకంటే పక్కనున్న సూపర్‌వైజరు ముఖంలో నెత్తురు లేదు. ఆయన నన్ను బయటికి పిలిచి చెప్పాడు. వాళ్ళ కంపెనీ క్లీనర్ల బట్టలు నీలం.

ఆ మాట షెడ్డంతా పాకింది. మర్నాడు సగం బస్సు ముందు నిమ్మకాయలు వేలాడాయి. యజమాని కర్పూరం వెలిగించి తెరకు చూపించాడు. ప్రోగ్రాం రాసే అమ్మాయి, ఇంజనీరింగు చదివిన పిల్ల, సీటు తుడవడానికి కూడా ఒంటరిగా ఎక్కనంది. బేరం పులి ఆ బస్సు ముక్కను ఏ తుక్కు దుకాణంలో కొన్నాడో, అది ఏ ప్రమాదంలో పోయిన బండో ఆరా తీయడానికి వెళ్ళాడు. అదొక్కటే ఆయన బేరమాడకుండా చేసిన పని.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఉన్నా పీణ్యలో అంత పొగకు అవి నిలవవు. మధ్యాహ్నం భోజనాల వేళ, చుట్టుపక్కల షెడ్లలో లేతు మిషన్లు ఆగిపోయి వీధంతా చెవుడు వచ్చినట్టున్నప్పుడు, నేనే ఎక్కి కూర్చున్నాను. నాకు బస్సు తోలడం రాదు. గేటు దగ్గర రెండుసార్లు గోడను గుద్దాను. ఎలాగో లోపలికి తెచ్చి, రెండు చేతులతో గేరు లాగి రివర్సు వేశాను.

అద్దంలోకి చూశాను.

ఉన్నాడు.

నీలం చొక్కా. కుడి కాలు నేలకు ఆనలేదు. గాలికి దీపం ఊగినట్టు ఉండీ లేకా, ఉండీ లేకా వణుకుతున్నాడు. అతని ఒంట్లోంచి వెనక గోడ కనిపించింది. నేను బస్సును కాస్త కదిపితే గోడ కదిలింది. మనిషి కదలలేదు. అద్దంలో ఉన్నవాటిలో అతనొక్కడే అద్దానికి అంటుకుని ఉన్నాడు.

దిగి చూస్తే ఏముంటుంది? కోసిన రేకు, వెనక సిమెంటు గచ్చు, మూలన మా టిఫిను డబ్బాలు. అయినా నేను దిగి చూశాను. నిజం చెబుతున్నాను, ఒక్కసారి కాదు.

ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"అక్కా, ప్లీజ్ అక్కా, నేను ఎక్కను."

"ఎక్కొద్దు. కింద నుంచే చూడు. చూసి, ఇది దెయ్యమో నువ్వు రాసిన ప్రోగ్రామో చెప్పు. నాకు రెండూ తెలియవు."

ఆ పిల్ల వేళ్ళ సందుల్లోంచి చూసింది. చూసి, చేతులు మెల్లగా దించింది. "ఈ చొక్కా నేను వేసిందే," అంది.

బస్సు గేటు దాటగానే దాని వెనకగా రోడ్డు దాటే మనిషిని తనే పెట్టిందట. వాడు దాటిపోయాక ప్రోగ్రాం వాడిని చెరిపేస్తుంది. పరీక్ష బల్లమీది పటంలో అందుకే చుక్క లేదు. తెరను ఆపి ఒక్కొక్క బొమ్మనే ముందుకు జరుపుతూ వెళ్ళింది. ఒక బొమ్మలో మనిషి ఉన్నాడు. తరవాతి బొమ్మలో లేడు. ఆ తరవాతి దానిలో ఉన్నాడు.

జోడీ కార్డుల పని తీరే అది. ఒక బొమ్మ ఇది గీస్తే మరో బొమ్మ అది గీస్తుంది, వంతులు వేసుకుని. అద్దంలోది మాత్రం విడిగా గీసి తెచ్చి అతికించే బొమ్మ. మొదటి కార్డు గీసిన అద్దం, రెండో కార్డుకు ఎప్పటికప్పుడు చేరాలి. మా రెండో స్లాటు పళ్ళు తక్కువది, ఇరుకు. పైగా జోడీకి ఒప్పుకోని బోర్డును బలవంతాన ఒప్పించారు. చేరవలసింది చేరలేదు. రెండో కార్డు తన దగ్గరున్న పాత అద్దాన్నే అతికిస్తూ పోయింది. రోడ్డు దాటే మనిషి అందులో అడుగు మధ్యలో నిలిచిపోయాడు.

"వాడు వెళ్ళిపోయాడని దీనికి ఎవరూ చెప్పలేదక్కా," అంది ఆ పిల్ల. చెప్పి, తన మాటకు తనే ఒళ్ళు జలదరించి పమిట... కాదు, ఆ పిల్ల వేసుకునేది చున్నీ, అది భుజాల చుట్టూ కప్పుకుంది.

మరి ఇన్నాళ్ళూ మాకెందుకు కనబడలేదు? ఆ సంగతి తెలిశాక యజమాని మమ్మల్ని వరసగా నిలబెట్టి అడిగాడు. జవాబు సిగ్గుచేటైనది. మాలో ఒకరికీ బస్సు రాదు. అందరివీ స్కూటర్లు, మోపెడ్లు, నాది సిటీ బస్సులో నిలబడే తావు. స్కూటరుకు రివర్సు గేరు లేదు. బస్సును తయారు చేసినవాళ్ళం అందరం దాన్ని ముందుకే నడిపి చూసి, బాగుందనుకున్నాం. అంతకుముందు వచ్చిన డ్రైవర్లో? వాళ్ళను అడిగితే ఒకాయన చెప్పాడు: "కనపడినాడు సార్. పటంలో లేడు కదా, మీరు తీయి తీయి అంటిరి. తీసేస్తిని." ఆ మనిషిని తొక్కుకుంటూ వెనక్కి తీసినవాళ్ళందరూ మా దగ్గర నెగ్గారు. ఆగినవాడు ఒక్కడే తప్పాడు.

అందరికీ ప్రాణం లేచివచ్చింది. నిమ్మకాయలు తీసేశాం. రెండో కార్డు పీకి పక్కన పెట్టాను. బొమ్మ కాస్త తడబడుతుంది, తడబడనీ అన్నాడు యజమాని. పాత రెండు పరీక్షలూ లెక్కలోకి రావని, ఇంకొకటి పెడతామని సూపర్‌వైజరుకు కబురు వెళ్ళింది.

ఆ రోజు డ్రైవరు తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేనే ఎదురువెళ్ళి జరిగిందంతా చెప్పాను. పీకిన కార్డు కూడా చూపించాను.

"నీ కళ్ళు మంచివే అన్నా. మా మిషనుదే తప్పు. ఈ పొద్దు ఎవడూ ఉండడు. ధైర్యంగా తీయి."

ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికిచ్చాడు. "సరేక్కా. నాకేమో పిచ్చి పట్టిందని ఇంట్లో ఆడోళ్ళు తాయెత్తు కట్టిరి," అని మెడలోది చూపించి నవ్వాడు. ఆయన నవ్వడం అదే మొదలు.

ఎక్కాడు. ఈసారి తెర కనబడేలా బల్లను ముందే జరిపాం. తడబడే బొమ్మలోనూ ఆయన నీళ్ళలా తోలాడు. గేటు దాటాడు. నీలం చొక్కా మనిషి రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. బస్సు ఆగింది. రివర్సు గేరు పడ్డ చప్పుడు వినిపించింది. అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. గోడ, గచ్చు, ఎండ. అంతే.

బస్సు కదలలేదు.

బల్ల దగ్గర అందరం అద్దాలనే చూస్తూ కూర్చున్నాం. గడువు జరిగిపోతోంది. నేనుండలేక లేచి బస్సు కిటికీ దగ్గరకు వెళ్ళాను.

"ఇప్పుడు లేడు కదన్నా?"

"లేడక్కా."

"మరి తీయి."

ఆయన అద్దంలోంచి చూపు తిప్పలేదు.

"ఆ పొద్దు గూడా ఇట్లే ఉండె," అన్నాడు. "ఇదే మాదిరి. గోడ, గచ్చు, ఎండ. ఎవురూ లేరు. చూసే తీసినా."

ఆ ఖాళీ అద్దాన్ని నేనూ చూశాను. ముందు చూసినప్పుడు, వణికే మనిషి ఉన్నప్పుడు, నాకు అంత భయం వేయలేదు. ఇప్పుడు దానిలో ఏమీ లేదు. ఎంతసేపు చూసినా ఏమీ లేదు. చూసేకొద్దీ ఆ లేకపోవడమే నా వెనక వచ్చి నిలబడినట్టయింది.

"మొన్న ఉన్నెప్పుడే బాగుండెక్కా," అన్నాడాయన. "ఉండాడని తెలుస్తాండె."

తెర మూసుకుంది.

యజమాని నన్ను పిలిచి అడిగాడు, "ఏనమ్మా, మిషన్ ఇప్పుడు సరిగా ఉండాదా?"

సరిగా ఉంది. బోర్డు, కార్డు, అద్దం అన్నీ సరిగా ఉన్నాయి. అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ సూపర్‌వైజరు బల్ల ముందే కూర్చున్నాడు, ఒక్కొక్క బొమ్మా తన కళ్ళతో చూశాడు. "సరిగ్గానే ఉంది," అన్నాను. మిషను చెడినన్నాళ్ళూ ఆయనకు ఒక సాకు ఉండేది. దాన్ని మేము బాగుచేసి ఆయన చేతిలోంచి లాగేశాం. ఆ మాట పైకి అనకపోయినా ఆ అమ్మాయికీ తెలిసినట్టుంది, కీబోర్డు మీద తల వాల్చేసింది.

స్టీరింగు పోయింది. ఆయన దిగి వచ్చాడు. సూపర్‌వైజరును ఒకటి అడిగాడు.

"ముందర కూకునేది నా చేత కాదు సార్. ఎనక నిలబడేదానికి ఎవురన్నా కావల్లా?"

క్లీనరు చనిపోయినప్పటి నుంచి ఆ చోటు ఖాళీగానే ఉందట. జీతం తక్కువన్నాడు సూపర్‌వైజరు. ఆయన సరేనన్నాడు.

కొన్నాళ్ళకు మా షెడ్డుకు కొత్త బస్సు ముక్క తెచ్చే పని పడింది. అసలు బస్సు అద్దాలలో ఎంత మేర కనిపిస్తుందో కొలుచుకు రమ్మని యజమాని నన్ను ఆ డిపోకు పంపాడు. తెరమీది అద్దాలు నిజం అద్దాల్లా ఉండాలని అప్పటికి బుద్ధి వచ్చింది మాకు. ఒక కుర్ర డ్రైవరు పక్కన, ఇంజను బానెట్ మీద కూర్చుని టేపు పట్టుకున్నాను. వాడు బస్సును వెనక్కి తీయడం మొదలుపెట్టాడు. రెండు అద్దాలూ ఖాళీ.

వాడు చటుక్కున ఆపాడు. "యాడ చచ్చినాడు ఈ పెద్దాయన?" అని తిట్టుకుంటూ దిగి వెనక్కి పోయాడు. నేనూ దిగాను.

బస్సు వెనక కుడి మూలను ఒరుసుకుని, నీలం చొక్కాలో, చేతులు కట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు. ఏ అద్దానికీ అందని మూల అది. బస్సు మరో రెండడుగులు వెనక్కి వస్తే చక్రం కిందే.

"చూసినావు కదా, ఇంక పో," అన్నాడాయన కుర్రవాడితో. వాడు గొణుక్కుంటూ తిరిగి సీటు వైపు వెళ్ళాడు.

"ఏందన్నా ఇది? కనబడే చోట నిలబడకూడదా?" అన్నాను.

"బాగుండావాక్కా?" అని పలకరించి, ఆ తరవాత చెప్పాడు. "కనపడే తావులో నిలబడితే వీడు అద్దాన్ని నమ్ముతాడు. నేను కనపడకుంటేనే దిగొచ్చి చూస్తాడు. దినామూ దిగుతాండాడు. తిట్టుకుంటానే దిగుతాడు."

"ఒకరోజు దిగకపోతే?"

ఇంజను మళ్ళీ మోగింది. బస్సు ఒళ్ళంతా ఒకసారి వణికింది. ఆయన నన్ను భుజం పట్టి పక్కకు జరిపి, అద్దం అందని ఆ మూలకే మళ్ళీ వెళ్ళి నిలబడ్డాడు.